ఏడు డిగ్రీల లెన్సు

పరమేష్ అన్న లెన్సు కొనాలనుకున్న రోజు నుంచి కొన్న రోజు దాకా ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ ఇరవై మూడు రోజుల్లో మా స్టూడియోకు ఎన్ని చాయలు వచ్చాయో నేను చెప్పగలను, ఎందుకంటే ఖాళీ కప్పులు ఏరి పారేసింది నేనే. అవి తాగినవాళ్లకు లెన్సు గురించి ఎంత తెలిసిందో మాత్రం చెప్పలేను.

మేడ్చల్ బస్ డిపో దాటాక సిమెంటు దుకాణం ఎదురుగా, మెట్లెక్కితే మా స్టూడియో. పరమేష్ అన్న యజమాని. నేను గౌడవెల్లి నుంచి రోజూ ఆటోలో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పెళ్లి ఆల్బమ్‌లు పేరుస్తాను. ముఖాల మీద మచ్చలు తీసేస్తాను, మెడ కింద చెమట తీసేస్తాను, దండల వెనక కనిపించే ప్లాస్టిక్ కుర్చీలు తీసేస్తాను. మూడేళ్లుగా ఇదే పని. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తప్ప ఇంకేవీ నన్ను తీయనివ్వలేదు. మధ్యాహ్నం పరమేష్ అన్న తిండికి వెళ్లినప్పుడు కెమెరా తీసి, కిటికీలోంచి రోడ్డును ఫోటో తీసి, చూసుకుని, చెరిపేసేదాన్ని.

లెన్సు చర్చకు పెద్ద అరుణ్ అన్న. ఆయన పరమేష్ అన్న దోస్తు. శామీర్‌పేట చెరువు కట్ట మీద పెళ్లి కాబోయే జంటలను నిలబెట్టి, చున్నీ గాలికి ఎగరేయించి ఫోటోలు తీస్తాడు. ఆయనకు పెద్ద కెమెరా ఉంది. దాని గురించి ఆయన ఎవరూ అడగకముందే చెప్తాడు.

వాళ్లిద్దరికీ కావలసింది వైడ్ యాంగిల్ జూమ్ లెన్సు. అంటే దగ్గర నిలబడినా ఎక్కువ వెడల్పు పట్టేది. మా కెమెరాతో వచ్చిన లెన్సు పద్దెనిమిది నంబరు దగ్గర మొదలవుతుంది. నంబరు తగ్గేకొద్దీ ఎక్కువ మంది ఫోటోలో పడతారు. విషయం ఇంతే. దీన్ని వాళ్లు ఇరవై మూడు రోజులు సాగదీశారు. అరుణ్ అన్న తన ఫోన్‌లో ఎవడో తెల్లవాడు గోడను ఫోటో తీసి మూలలు పెద్దవి చేసి చూపించే వీడియో పెట్టేవాడు. తర్వాత ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి సిమెంటు దుకాణం గోడను ఫోటో తీసి, మూలలు పెద్దవి చేసి చూసుకునేవాళ్లు. పెళ్లి ఆల్బమ్‌లో గోడ మూలను చూసేవాళ్లను నేను ఇంతవరకు ఎరగను.

పదో రోజున రుఖియా ఆంటీ వచ్చింది. శామీర్‌పేటలో వాళ్లకు బట్టల కొట్టు ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అర్షియా నిఖా ఉంది," అంది. "హాల్ల తీసేది మీరే తీయున్రి. మాంజా మాత్రం ఇంట్లనే జేస్తున్నం. పెండ్లిపిల్లకు పసుపు పెట్టేటప్పుడు మొగోళ్లు లోపలికి రారు. మీ దగ్గర ఫోటో తీసే ఆడపిల్ల ఉన్నదా?"

పరమేష్ అన్న స్టూడియో నాలుగు మూలలూ చూసి, చివరికి నా దగ్గర ఆగాడు. "ఉంది ఆపా. మా భవిత. మస్తు తీస్తది."

ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. నేను తీసిన ఫోటో ఆయన ఒక్కటీ చూడలేదు.

రుఖియా ఆంటీ నా వైపు తిరిగింది. "సూడు బిడ్డ. మా అమ్మకు తుంటి ఇరిగింది. మంచం దిగదు. అర్షియాను పెంచింది ఆమెనే, నేను కొట్టు కాడ ఉంటి. హాల్‌కు రాలేదు గదా, అందుకే ఆమె అర్రలనే, ఆమె మంచం ముంగటనే మాంజా పెట్టుకున్నం. మా ఇంటి ఆడోళ్లంత ఆమెతోని ఒక్క ఫోటో దిగాలె. ఎవ్వలు తప్పిపోవద్దు. తక్కిన ఫోటోలు ఎట్లొచ్చినా నేనేం అడుగ."

"ఎంతమంది ఆంటీ?"

"అమ్మతోని ఇర్వై రెండు మంది."

ఆమె మెట్లు దిగాక పరమేష్ అన్న అన్నాడు: "ఇను భవితా. గిది మంచిగొస్తే లేడీస్ సైడ్ పనంత ఇగ నీదే. ఖరాబైతే మల్ల ఆల్బం ముంగట కూసుంటవ్. మా మరదలు శ్రీదివ్య నేర్చుకుంటనని ఎప్పటిసంది అడుగుతాంది."

సరే అన్నాను. ఆ మాట కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

రెండు రోజులకు ఇల్లు చూడడానికి శామీర్‌పేట వెళ్లాం. ముందు రేకుల షెడ్డు, షెడ్డు కింద బట్టల మూటలు, పక్కన విశాలమైన వాకిలి. అర్షియా తండ్రి అల్లావుద్దీన్ అంకుల్ పరమేష్ అన్నకు కుర్చీ వేయించి చాయ తెప్పించాడు. అర్ర తలుపుకు పరదా కట్టి ఉంది. నేను పరదా దాటి లోపలికి వెళ్లాను. ఆయన వాకిట్లోనే ఆగిపోయాడు. ఆగడం మర్యాదే. అయితే కొనేది ఏ గదికో ఆ గదిని ఆయన చూడలేదు, ఇక ముందు కూడా చూడడు. ఈ సంగతి నాకు అప్పుడే తట్టింది. ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

నేను అడుగులు వేసి కొలిచాను. తలుపు నుంచి ఎదుటి గోడకు ఎనిమిది అడుగులు. అడ్డం పన్నెండు. ఎదుటి గోడకు ఆనించి నవారు మంచం, దాని మీద అర్షియా అమ్మమ్మ, అందరికీ నానీమా. తెల్ల దుపట్టా కింద చిన్న ముఖం. "ఏం కొలుస్తున్నవమ్మా, నాకు సమాధా?" అంది. మంచం పక్కన కూర్చున్న అర్షియా ఆమె కాలు మీద మెల్లగా కొట్టింది. నాకు నవ్వొచ్చింది.

మంచానికి ముందు కింద కూర్చునేవాళ్లకు, తలుపు దగ్గర నాకు, మధ్య మిగిలేది మూడున్నర అడుగులు. వెనక్కి జరగడానికి లేదు. వెనక పరదా. మాంజా జరుగుతున్నంతసేపు అది తీయరు.

బయటికి రాగానే పరమేష్ అన్న అడిగాడు. "ఎట్లుంది?"

"చిన్నగుంది అన్నా. బాగ చిన్నగుంది."

ఆయన రేకుల షెడ్డును, వాకిలిని, మూటలను చూశాడు. "ఏం చిన్నగ? ఇల్లు మస్తు పెద్దగుంది గద," అని బండి స్టార్టు చేశాడు.

మరునాడు మధ్యాహ్నం వాళ్లు తిండికి వెళ్లినప్పుడు సుద్దముక్కతో స్టూడియో నేల మీద ఆ అర్రను గీశాను. మా ఊరి బడిలో సిద్దయ్య సారు లెక్కలు చెప్పేవారు. త్రికోణాలు బోర్డు మీద కాదు, మైదానంలో దారం లాగి నేర్పించేవారు. ఆ అలవాటు పోలేదు. తలుపు దగ్గర మేకు పెట్టి, కోణమానినితో కొలిచి, రెండు దారాలు లాగాను.

మా కెమెరాలో సెన్సర్ చిన్నది. దాని మీద పాత లెన్సు పద్దెనిమిది దగ్గర అరవై ఆరు డిగ్రీలు చూస్తుంది. పదహారు దగ్గర మొదలయ్యే లెన్సు పెడితే డెబ్బై మూడు. పది దగ్గర మొదలయ్యేది పెడితే తొంభై తొమ్మిది. అరుణ్ అన్న రోజూ పొగిడేది పదహారు నుంచి ముప్పై అయిదు దాకా పోయే పెద్ద లెన్సును. అది పెద్ద కెమెరాల కోసం చేసింది. పెద్ద సెన్సర్ మీద పెడితే చాలా వెడల్పు చూస్తుంది. మా దాని మీద పెడితే అంచులన్నీ కోసుకుపోతాయి. మా పాత లెన్సు కంటే ఏడు డిగ్రీలు ఎక్కువ, అంతే. పది నుంచి పద్దెనిమిది దాకా ఉన్న చిన్న లెన్సు ధర దానిలో ఆరో వంతు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అరుణ్ అన్న నేలను చూసి, "ఏం చెల్లె, తొక్కుడుబిల్ల ఆడుతున్నవా?" అన్నాడు.

"రుఖియా ఆంటోళ్ల అర్ర అన్నా. గిది తలుపు, గిది మంచం. పదహారు పెడితే గీ దారం కాంచి గా దారం దాకనే పడ్తది. కింద కూసున్నోళ్లల్ల ఇటు ముగ్గురు, అటు ముగ్గురు పోతరు. పది నంబరుది అయితే గోడలు గూడ పడ్తయి."

పరమేష్ అన్న వంగి దారాన్ని చూశాడు. ఒక్క క్షణం నిజంగానే చూశాడు. అరుణ్ అన్న అడ్డం రాకపోతే ఏమయ్యేదో.

"చెల్లె, మనం కొనేది లెన్సు. పొలం సర్వే జేస్తలేము," అన్నాడు అరుణ్ అన్న. "గా పది నంబరుది ప్లాస్టిక్ డబ్బ రా పరమేష్. చెయ్యిల పడితే మనకే సిగ్గైతది. పెద్దది పట్టుకొని హాల్ల అడుగు పెట్టినవనుకో, పెళ్లోళ్లు లేసి జాగ ఇస్తరు. పైగా రేపు నువ్వు పెద్ద కెమెరా కొన్నంక గదే పనికొస్తది."

ఆ రేపు నేను చేరినప్పటి నుంచీ ఉంది. పరమేష్ అన్న దారాన్ని దాటుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. దాటేటప్పుడు కాలు తగిలి మేకు ఊడింది. నేను దారం చుట్టి సొరుగులో పెట్టుకున్నాను, నేల తుడిచాను. ఇంకో మాట అనలేదు. వినని వాళ్లకు రెండోసారి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అది నా మర్యాద అనుకునేదాన్ని.

కోఠికి ముగ్గురం వెళ్లాం. నన్ను తీసుకెళ్లింది బ్యాగు మోయడానికి. దుకాణదారు జానకిరామయ్య గారు, అరవై దాటిన మనిషి. మెడలో తాడుకు కళ్లజోడు.

"ఏం తీస్తారు బాబూ?" అని అడిగాడు.

"అన్ని తీస్తం," అన్నాడు పరమేష్ అన్న.

"అన్నీ తీసే లెన్సు ఇంకా చేయలేదు. ఎక్కడ తీస్తారు? హాల్లోనా, ఇళ్లలోనా?"

"పదహారు ముప్పై అయిదు చూపించున్రి," అన్నాడు అరుణ్ అన్న.

ఆయన మా కెమెరాను చూశాడు. అరుణ్ అన్నను చూశాడు. రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు, పెద్దదీ చిన్నదీ. "ఈ కెమెరాకైతే ఈ చిన్నది చాలండి. గదుల్లో ఇదే పనికొస్తుంది," అన్నాడు. అమ్మేవాడు తక్కువ ధరది తీసుకోమంటున్నాడు. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పరమేష్ అన్న ముఖం ఎర్రబడింది. తనను చూసి లేనివాడనుకున్నాడని ఆయన బాధ.

పెద్ద లెన్సు తగిలించి పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను ఫోటో తీశాడు. తర్వాత రోడ్డు మీద ఆగిన బస్సును తీశాడు. అరుణ్ అన్న మూలలు పెద్దవి చేసి చూసి "కత్తి లెక్క ఉంది," అన్నాడు. డబ్బా కట్టిస్తుండగా నేను చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాను. చింతపండు ముద్దంత బరువు కూడా లేదు. బల్ల వెనక గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: లెన్సులు రోజు కిరాయికి ఇవ్వబడును. జానకిరామయ్య గారు నేను దాన్ని చదవడం చూశాడు.

స్టూడియోకు వచ్చాక లెన్సుకు పూజ జరిగింది. పీట వేసి, పసుపు రాసి, దాని మీద లెన్సును నిలబెట్టి, నిమ్మకాయ కోసి, కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు ఎక్కడ పెట్టాలన్న దాని మీద కాసేపు చర్చ. అద్దం మీద పెట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. తిప్పే రింగు పైన పెట్టారు. ఆ రోజు నుంచి రింగు తిప్పితే గరగరమంటుంది. "కొత్తది గద, బిగుతుగ ఉంది," అన్నాడు పరమేష్ అన్న.

మాంజాకు ముందు రోజు ఆరోగ్యం బాగాలేదని చెప్పి సెలవు పెట్టి, బస్సెక్కి కోఠి వెళ్లాను. కిరాయి నా దగ్గర ఉంది. పూచీ మాత్రం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు హామీ ఉండాలి, లేదంటే లెన్సు విలువ చేసేదేదైనా పెట్టాలి. నా సంచిలో పదో తరగతి మెమో ఉంది, అసలుది. అదే తీసి బల్ల మీద పెట్టాను. అది పోతే మా ఊరి బడికీ, బోర్డు ఆఫీసుకూ ఎన్నిసార్లు తిరగాలో నాకు తెలుసు. జానకిరామయ్య గారికీ తెలుసు. కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"లెక్కల్లో పదికి పదా?"

"అవునండీ."

"మరి మొన్న వాళ్లకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పానండీ."

ఆయన మెమోను మడవకుండా కవర్లో పెట్టి, చిన్న లెన్సును నా చేతికిచ్చాడు.

మాంజా రోజున అర్రలో అడుగు పెట్టడానికి చోటు లేదు. పసుపు చీరలో అర్షియా మంచం అంచున, ఆమె చెయ్యి నానీమా చేతిలో. చుట్టూ పిన్నులు, అత్తలు, వదినెలు, వాళ్ల ఆడపిల్లలు. పరదా బయట పరమేష్ అన్న అల్లావుద్దీన్ అంకుల్‌కు తన లెన్సు గురించి చెప్పడం వినిపిస్తోంది. ముందు ఆయన చెప్పినట్టే పెద్ద లెన్సు పెట్టాను. వీపు పరదాకు ఆనించి, గరగరమనే రింగును పదహారుకు తిప్పి ఒకటి తీశాను. అర్షియా ఫూఫీ, అంటే అల్లావుద్దీన్ అంకుల్ చెల్లెలు, కీసర నుంచి వచ్చింది. లేచొచ్చి కెమెరా వెనక తెరను చూసింది.

"అరే, నన్ను సగానికి కోసినవేంది?" అంది. "తక్కిన సగం యాడ వోయింది?"

"ఆడ గోడ కాడనే ఉంది, ఫూఫీ," అన్నారు పిల్లలు.

"గా సగమే మంచిగుంటది ఫూఫీకి," అంది అర్షియా. నానీమా పళ్లు లేని నోటితో నవ్వింది.

నేను పెద్ద లెన్సు తీసి సంచిలో పెట్టి, చిన్నది తగిలించాను. ఫూఫీ కళ్లు చికిలించి చూసింది. "గా తోపు తీసేసి గీ గిన్నె పెట్టినవా? గిండ్ల ఇంతమంది పడ్తరా?"

"పడ్తరు ఫూఫీ. జర నేను జెప్పినట్టు కూసోవాలె."

ఇంత వెడల్పు లెన్సులో అంచుల్లో ఉన్నవాళ్లు సాగిపోయి లావుగా కనిపిస్తారు. ఫూఫీని అంచు నుంచి తెచ్చి నానీమా తల దగ్గర కూర్చోబెట్టాను. రెండు వైపులా సన్నగా ఉన్న ఆడపిల్లలను పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నానీమా కళ్ల ఎత్తుకు తెచ్చాను, అప్పుడు గోడలు ఒరగవు. అందరూ మాట్లాడుతున్నారు. నేను ఆగాను. నానీమా అర్షియా బుగ్గ మీది పసుపును వేలితో సరిచేయబోయింది. గది మొత్తం ఒక్కసారి అటు తిరిగింది. అప్పుడు తీశాను.

లెక్కపెట్టాను. ఇరవై రెండు ముఖాలు.

రుఖియా ఆంటీ ఆ చిన్న తెరను చాలాసేపు చూసింది. "అమ్మ నవ్వుతాంది," అని మాత్రం అంది.

బయటికి రాకముందు పెద్ద లెన్సును మళ్లీ తగిలించాను. తన లెన్సుతో తీయలేదని ఆయన బాధపడతాడని కాదు. చెప్పకుండా కిరాయికి తెచ్చానని భయం. పరమేష్ అన్న కెమెరా అందుకుని ఆ ఫోటో చూసి, అల్లావుద్దీన్ అంకుల్‌కు చూపించాడు.

"జూసిన్రా అన్నా. లెన్సంటే గిట్లుండాలె."

మర్నాడు పొద్దున్నే కోఠి వెళ్లి లెన్సు ఇచ్చేసి మెమో తెచ్చుకున్నాను. వచ్చేసరికి ఆ ఫోటో స్టూడియో కంప్యూటర్ మీద ఉంది, ముందు అరుణ్ అన్న ఉన్నాడు. ఫోటో ఏ నంబరు దగ్గర తీశామో పక్కన రాసి ఉంటుంది. ఆయన దాని మీద వేలు పెట్టాడు.

"పరమేష్, గిదేంది రా? పది అని చూపిస్తాంది."

"పదేంది? మన లెన్సు పదహారు కాంచి గద."

ఇద్దరూ తెరకు దగ్గరగా వంగారు. నిజం వాళ్ల ముక్కుకు జానెడు దూరంలో ఉంది. సన్నటి అంకెలతో, అబద్ధం చెప్పడం రాని యంత్రం రాసిపెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడి, ఇప్పుడు అడిగితే చెప్పేద్దామనుకున్నాను.

అరుణ్ అన్న వెనక్కి వాలాడు. "కొత్త లెన్సు గద. కెమెరా ఇంక గుర్తువడుతలేదు. అప్‌డేట్ జెయ్యాలె."

"గదే అయ్యుంటది," అన్నాడు పరమేష్ అన్న.

అప్‌డేట్ చేశారు. గంటన్నర పట్టింది. చాయ రెండుసార్లు వచ్చింది.

తర్వాత పరమేష్ అన్న నన్ను పిలిచాడు. ఆయన మంచి మూడ్‌లో ఉన్నాడు. "మంచిగ తీసినవ్ భవితా. అయితే ఒక్కటి. గీ లెన్సు ఉన్నంక ఎవలు తీసినా గిట్లనే వస్తది. ఆల్బంలు మస్తు పెండింగున్నయి, గా పని నీ అంత మంచిగ ఎవ్వలు జెయ్యరు. లేడీస్ సైడ్ శ్రీదివ్యకు ఇస్తున్న. ఇంట్లపిల్ల గద. ఏమనుకోకు."

ఏమనుకున్నానంటే చాలా అనుకున్నాను. ఆయన మూర్ఖత్వాన్ని నేనే తుడిచి, మెరుగు పెట్టి, ఆయన చేతికిచ్చాను. ముఖాల మీద మచ్చలు తీసినట్టే. అది నా ఉద్యోగమని మూడేళ్లలో నాకు అలవాటైపోయింది.

ఆ ఫోటోను రుఖియా ఆంటీ తమ ఆడవాళ్లలో అందరికీ చూపించింది. నెల తిరక్కుండానే కీసర నుంచి ఫూఫీ ఫోన్ చేసింది. ఆమె కూతురి మాంజా, అలాంటి ఫోటోనే కావాలి. నేను ఆల్బమ్ కుట్టడానికి ఇచ్చి రావడానికి సికింద్రాబాద్ వెళ్లిన రోజది. ఫోన్ ఎత్తిన పరమేష్ అన్న సరే అన్నాడు. నాకు తెలిసేసరికి శ్రీదివ్య పెద్ద లెన్సు తగిలించిన కెమెరా మెడలో వేసుకుని బయల్దేరుతోంది.

"ఆ ఇంట్ల అర్ర ఎంతుందో కనుక్కున్నవా?" అని అడిగాను.

"బావ అన్నీ సెట్ చేసిండక్కా. బటన్ నొక్కుడే," అని మెట్లు దిగింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆమెకు ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. మెట్లు దిగి వెళ్లి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను కుర్చీలోంచి లేవలేదు. వెళ్లనీ, చూడనీ అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకు సంతోషం కూడా కలిగింది. దాన్ని తలచుకుంటే పరమేష్ అన్న మీద ఉన్నంత చిన్నచూపూ నా మీద కూడా కలుగుతుంది.

మూడో రోజున ఫూఫీ స్టూడియో మెట్లెక్కింది. వెనక రుఖియా ఆంటీ. అప్పుడు పరమేష్ అన్న, అరుణ్ అన్న ఇద్దరూ ఉన్నారు. ఫూఫీ ఫోన్‌లో ఫోటోలు తీసి బల్ల మీద పెట్టింది.

"జూడున్రి. నా బిడ్డ ఉంది. నా బిడ్డ మోకాళ్లున్నయి. నా అత్త ముక్కు దాక ఉంది. నేనైతే మల్ల సగమే. గీ సగం కోసం కీసర కాంచి పిలిపిస్తినా?"

"ఆపా, అర్ర చిన్నగుందేమో," అన్నాడు పరమేష్ అన్న.

"రుఖియోళ్ల అర్రకంటె పెద్దగుంది. ఆడ ఇర్వై రెండు మంది పడ్డరు."

"లెన్సు అదే ఆపా, అదే లెన్సు..."

"ఏం అదే?" ఫూఫీ నా వైపు చెయ్యి చూపింది. "ఆడ గీ పిల్ల మీ తోపు తీసి సంచిల ఏసింది. నా కండ్లతోని జూసిన. గిన్నె లెక్క చిన్నది పెట్టి తీసింది. గా పరదా ఎనుక మీరు లెన్సు ముచ్చట్లు జెప్పుకుంట కూసున్నరు. మీకేం తెలుసు?"

అరుణ్ అన్న తన ఫోన్ తీసి చూసుకోసాగాడు. దాన్లో ఏమీ లేదు. తెర నల్లగా ఉంది.

"పసుపు మల్ల పెట్టేది లేదు," అంది ఫూఫీ, ఈసారి మెల్లగా. "నా అత్త మూడేండ్ల సంది బయటికి రాలేదు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ మాట పరమేష్ అన్నకు తగలాల్సింది. నాకూ తగిలింది.

పరమేష్ అన్న నా వైపు తిరిగాడు. "గా చిన్నది యాడిది భవితా?"

"కోఠిది. కిరాయికి తెచ్చిన. నా టెన్త్ మెమో పెట్టి."

"మరి ముందే జెప్పొచ్చు గద."

సొరుగు లాగి దారం ఉండను, సుద్దముక్కను బల్ల మీద పెట్టాను. "చెప్పిన అన్నా. నువ్వు దాటిపోయినవ్."

ఆయన దారాన్ని గుర్తుపట్టాడు. ముఖం చూస్తే తెలిసింది.

రుఖియా ఆంటీ ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "వచ్చే శుక్రవారం కీసరల వీళ్ల కొత్త అల్లుడు మొదటి విందుకు వస్తడు. వీళ్లింటి ఆడోళ్లంత మల్ల గదే అర్రల కూడుతరు. గా ముసలామెతోని ఒక్క ఫోటో దిగాలె. గీ పిల్ల రావాలె. చిన్న లెన్సుతోని. లేకుంటె మేము వేరేకాడ చూసుకుంటం."

"వస్తది ఆపా," అన్నాడు పరమేష్ అన్న. "మా భవితనే వస్తది."

"నన్ను అడుగలే అన్నా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. అరుణ్ అన్న కూడా చూశాడు. నేను అలాంటి మాట అనగలనని వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు.

"వస్తవా?" అన్నాడు.

"వస్త. ముందుగాల అర్ర చూసి వస్త. ఇగ సంది లేడీస్ సైడ్ ఏ పని ఉన్నా అర్ర నేను చూసినంకనే ఏ లెన్సో చెప్త. శ్రీదివ్య కూడ నాతోని వస్తది, నేను నేర్పిస్త."

"సరే."

"లెన్సు కోఠి కాంచి తేవాలె. ఈసారి మెమో నీది పెట్టు అన్నా."

అరుణ్ అన్న దగ్గాడు. పరమేష్ అన్న పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాత ఆ మెమో తెచ్చుకోవడానికే వెళ్లలేదని మేడ్చల్‌లో చాలామందికి తెలుసు. ఆయన జేబులు వెతికి బండి ఆర్‌సీ తీసి నా ముందు పెట్టాడు.

గురువారం ఆర్‌సీ జానకిరామయ్య గారి దగ్గర పెట్టి చిన్న లెన్సు తెచ్చాను. శుక్రవారం కీసరలో ఫూఫీ అత్త పేరు కూడా అడిగి తెలుసుకున్నాను, బాషా బీ. ఆమెను మధ్యలో పెట్టి తీశాను. పందొమ్మిది ముఖాలు పడ్డాయి. ఫూఫీ రెండు సగాలూ పడ్డాయి. కానీ ఎవరి బుగ్గ మీదా పసుపు లేదు.

తర్వాతి నెలలో పరమేష్ అన్న చిన్నదాన్ని కొన్నాడు, చర్చ లేకుండా. పెద్దది గాజు బీరువాలో బొట్టుతో సహా ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి ఇదేంటని అడుగుతారు. పెద్ద కెమెరా వచ్చాక వాడతామని ఆయన చెప్తాడు. అప్పుడు అరుణ్ అన్న ఉంటే, అది ఎంత మంచి లెన్సో వాళ్లకు వివరిస్తాడు. నేను చిన్నదాన్ని చేతిగుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, దారం ఉండ, సుద్దముక్క పక్కన పెట్టుకుని ఆటో ఎక్కుతాను.